పప్పు మానితే మెదడులో ప్రొటీన్ గడ్డలు తగ్గుతాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పార్కిన్సన్స్ అని తేలింది. మెదడులో ప్రొటీన్ గడ్డకట్టడం వల్లే వస్తుందని విని పప్పు, గుడ్డు మాన్పించాం. సరైన పనేనా?

జవాబు: కాదు. ఈ రోజు నుంచే మళ్లీ పెట్టండి. తిన్న పప్పు పప్పులాగా మెదడుకు చేరదు. పొట్టలో, పేగుల్లో ముక్కలై, చాలావరకు ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగానే రక్తంలో కలుస్తుంది. ఆయన మెదడులో పేరుకునేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్. 140 అమైనో ఆమ్లాల ఆ గొలుసును నాడీకణం తనే తయారుచేసుకుంటుంది. పప్పు, గుడ్డు తగ్గిస్తే కండ తగ్గుతుంది, తూలి పడే ప్రమాదం పెరుగుతుంది.

చూసుకోవాల్సింది మాత్ర వేళ. పార్కిన్సన్స్‌కు సాధారణంగా ఇచ్చే లెవోడోపా మందు పేగులోనూ, మెదడులోకి వెళ్లేచోటా అమైనో ఆమ్లాలు వెళ్లే దారినే వాడుకుంటుంది. గుడ్డు తింటూ మాత్ర వేసుకుంటే దారి ఇరుకై మందు సరిగా అందదు. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత వేసుకోమంటారు. పరగడుపున వికారం పెడితే ఒకటి రెండు బిస్కెట్లతో వేయండి. వేళలు మార్చేముందు డాక్టరుగారికి చెప్పండి.

ప్రశ్న: ప్రొటీన్లు గడ్డకట్టకుండా కణం తనను తాను కాపాడుకోదా?

జవాబు: నిరంతరం కాపాడుకుంటుంది. ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 61 నుంచి 95వ అమైనో ఆమ్లం వరకు ఉన్న మధ్యభాగానికి నీళ్లు గిట్టవు, పక్కదాన్ని అంటుకోవాలని చూస్తుంది. అలా కొన్ని అంటుకుని చిన్న పోగు ఏర్పడితే ఇక వేగం పెరుగుతుంది. పాకంలో వేలాడదీసిన దారం మీద పటికబెల్లం పేరుకున్నట్టు, కొత్తవి వచ్చి ఆ పోగుకే చేరతాయి.

అక్కడ అడ్డుపడేవి షాపెరోన్లు, అంటే మిగతా ప్రొటీన్లు అంటుకోకుండా చూసే సహాయక ప్రొటీన్లు. హెచ్‌ఎస్‌పీ70 అనేది అంటుకునే చోటును పట్టుకుంటుంది, కణానికి ఇంధనమైన ఏటీపీ శక్తితో వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. దాన్ని సరైన చోటికి తెచ్చేది డీఎన్ఏజేబీ1, పట్టు వదిలించేది హెచ్‌ఎస్‌పీ110. ఈ మూడూ కలిస్తే, అప్పటికే కట్టిన పోగును కూడా ముక్కలు చేసి, విడి గొలుసులను లాగేయగలవని పరీక్షనాళికల్లో తేలింది. ఎంతో ఆశ కలిగించే విషయమిది. ఇబ్బందీ ఇక్కడే ఉంది: సగంలో తెగిన ముక్కలు పటికబెల్లానికి కొత్త దారాలవుతాయి. సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుల్లో హెచ్‌ఎస్‌పీ110ని తగ్గిస్తే ఈ ప్రొటీన్ వ్యాప్తి, నష్టం తగ్గాయి. అందుకే ‘షాపెరోన్లను పెంచితే చాలు’ అనలేం, పాళ్లు ముఖ్యం.

పాడైన ప్రొటీన్‌కు కణం యుబిక్విటిన్ గొలుసును తగిలిస్తుంది. అది చీటీ లాంటిది. చీటీ ఉన్నదాన్ని ప్రోటియాజోమ్ అనే కణయంత్రం లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. కానీ దాని ద్వారం వెడల్పు సుమారు 1.3 నానోమీటర్లే, గొలుసును విప్పి ఒంటి పోగుగా దూర్చాలి. గట్టిపడ్డ ఆల్ఫా సిన్యూక్లిన్ పోగు మందం దాదాపు 10 నానోమీటర్లు. అది దూరదు సరికదా, ద్వారం దగ్గరే అడ్డుపడుతుంది.

పెద్ద ముద్దల పని ఆటోఫజీది. పొర ఒకటి వాటిని చుట్టేసి, ఆమ్లం నిండిన లైసోజోమ్ అనే సంచికి అప్పజెబుతుంది. అక్కడ పనిచేసే గ్లూకోసెరెబ్రోసిడేజ్ ఎంజైమ్‌ను తయారుచేసే జీబీఏ1 జన్యువు లోపం పార్కిన్సన్స్ ముప్పును బాగా పెంచుతుంది.

నాడీకణానికి మరో కష్టం, అది విభజన చెందదు. చర్మకణంలా చెత్తను పిల్లకణాలకు పంచుకుని పలచన చేసుకోలేదు. ఈ ప్రొటీన్ ఎక్కువ తయారైనా చాలు, సమస్య మొదలవుతుంది. దాని జన్యువు ప్రతులు రెండుకు బదులు మూడో నాలుగో ఉన్న కుటుంబాల్లో, ప్రొటీన్‌లో ఏ తేడా లేకున్నా జబ్బు వస్తుంది. నాలుగుంటే మరీ చిన్నవయసులో, తీవ్రంగా వస్తుంది.

ప్రశ్న: ఉపవాసం ఉంటే ఆటోఫజీ పెరిగి ఈ గడ్డలు కరుగుతాయంటున్నారు. నిజమా?

జవాబు: ఆకలితో ఉన్న కణంలో ఆటోఫజీ పెరగడం నిజం. ఈస్ట్‌లో దాని జన్యువులను గుర్తించిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది. కానీ ఉపవాసంతో మనిషి మెదడులో ఆల్ఫా సిన్యూక్లిన్ గడ్డలు కరిగాయని ఏ పరీక్షా నిరూపించలేదు. పైగా పార్కిన్సన్స్ ఉన్న చాలామందికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. నీళ్లు కూడా తాగని ఉపవాసమైతే కళ్లు తిరిగి పడొచ్చు, తుంటి విరగొచ్చు. ఏకాదశి మానలేమనుకుంటే నీళ్లు, మజ్జిగ, పండ్లు ఆపకండి. మజ్జిగలోనూ ప్రొటీన్ ఉంటుంది కాబట్టి మాత్రకూ దానికీ మధ్య ఎడం ఉంచండి. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.