రెండో షెడ్ వేయాలా, బర్డ్ ఫ్లూ వస్తుందని డబ్బు పక్కన పెట్టాలా?

తణుకు దగ్గర నుంచి ఒకాయన రాశారు. 10,000 లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లు, నాలుగు గేదెలు, నెలకి 85,000 ఈఎంఐ, చేతిలో 15 లక్షలున్నాయి, దాంతో పక్కనే రెండో షెడ్ వేద్దామనుకుంటుంటే 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు బర్డ్ ఫ్లూతో జరిగింది చూసి ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు, మీరేమంటారు అని.

ఇంట్లో వాళ్లదే కరెక్ట్ అండి, ఇప్పటికైతే.

అందరూ కోళ్లు పోతే ఎంత నష్టం అని లెక్కేస్తారు గానీ అసలు దెబ్బ షెడ్ ఖాళీగా ఉన్న నెలల్లో పడుతుంది. బర్డ్ ఫ్లూ అని తేల్చే భోపాల్ ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చిందంటే చుట్టూ కిలోమీటర్‌లో కోళ్లన్నీ పూడ్చేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా. అంటే మీ కోళ్లకి ఏమీ లేకపోయినా పక్క ఫారంకి వస్తే మీవీ పోయినట్టే. తర్వాత కడగడం, సున్నం, టెస్టులు, పర్మిషన్ అన్నీ కలిపి ఒక మూడు నెలలు వేసుకోండి, ఆపైన కోడిపిల్లల్ని దింపితే గుడ్డు పట్టడానికి ఇంకో నాలుగున్నర, అయిదు నెలలు. మొత్తం ఎనిమిది నెలలు. మీ ఈఎంఐ, లేబర్ 40,000, ఇంటి ఖర్చు 35,000 కలిపితే నెలకి 1.6 లక్షలు, అంటే దాదాపు 13 లక్షలు. మీ దగ్గరున్నది 15. అయిపోయింది కదా, ఇంక షెడ్ ఎక్కడిది? కొత్త బ్యాచ్ పెరిగే టైమ్‌లో తినే దాణా ఇందులో లేదు, దానికి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ ఖర్చులకి వాడుకునే బ్యాంకు అప్పు) ఉండాల్సిందే, అది కూడా అంతా బాగున్నప్పుడే బ్యాంకులో అడిగి పెట్టుకోండి, కోళ్లు పోయాక వెళ్తే మేనేజర్ ముఖం వేరేగా ఉంటుంది.

గవర్నమెంట్ నష్టపరిహారం ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, కానీ వాళ్లు చంపించిన కోళ్లకి, నాశనం చేయించిన గుడ్లకి, దాణాకి. అంతకు ముందే జబ్బుతో చచ్చినవాటికి రాదు, రేటు పడిపోయినందుకూ రాదు. అందుకే కోళ్లు గబగబా చస్తుంటే నాలుగు రోజులు చూద్దాం, కొక్కెర తెగులేమో (కోళ్లకి వచ్చే ఇంకో జబ్బు) అని దాచిపెట్టేవాళ్లు ఊరికి చేటు చేయడమే కాదు, తమ జేబుకి కూడా చిల్లు పెట్టుకుంటున్నారు. రోజువారీ చావుల రిజిస్టర్, పిల్లల బిల్లు, దాణా బిల్లులు ఒక ఫైల్‌లో ఉంచండి, ఫోటో తీసి ఫోన్‌లో కూడా. ఎన్ని కోళ్లున్నాయో అప్పుడు నోటితో చెప్తే కుదరదు.

ఇన్సూరెన్స్ తీసుకుంటే బర్డ్ ఫ్లూ కవర్ అవుతుందా లేదా ఏజెంట్ మాట కాదు, పాలసీలో రాసి ఉన్నది చదవండి, మినహాయింపుల్లో ఉండే చాన్స్ ఎక్కువ. మీ నాలుగు గేదెలకి మాత్రం తీసుకోండి, కేంద్రం స్కీమ్‌లో 2024 నుంచి రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. చెవికి ట్యాగ్ ఊడిపోతే వెంటనే చెప్పి వేయించండి, ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు. గాలికుంటు టీకా వేయించిన కాగితం కూడా దాచండి.

15 లక్షల్లో 2 లక్షలు షెడ్‌కే ఖర్చు పెట్టమంటాను. పక్షులు దూరకుండా వల, గేటు దగ్గర కాళ్లు ముంచే తొట్టి, బండి మీద స్ప్రే, ముఖ్యంగా సొంత గుడ్ల ట్రేలు. ట్రేడర్ ట్రేలు పది ఫారాలు తిరిగొస్తాయి, అవి కడక్కుండా లోపలికి తెస్తే వల ఎందుకు, తొట్టి ఎందుకు. మిగతా 13 లక్షలు ఒక్క ఎఫ్‌డీలో కాకుండా మూడు నాలుగు ముక్కలు చేసి వేయండి, ఒకటి విరగ్గొట్టినా మిగతావి కదలవు. ఫండ్లు, షేర్లు ఈ డబ్బుకి వద్దు.

రెండో షెడ్ మళ్లీ కొత్తగా 15 లక్షలు పోగయ్యాక ఆలోచిద్దాం. అప్పుడు కూడా పక్కనే వద్దండి, ఒకే చోట రెండుంటే ఒక్క ఆర్డర్‌తో రెండూ ఖాళీ అవుతాయి. వేరే ఊర్లో స్థలం లీజుకి దొరుకుతుందేమో ఈలోపు అడిగి ఉంచండి.