ముందు ఆ గీత చూడు

చిరంజీవి అపర్ణకు,

బాబాయి ఆశీస్సులు. హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు మీద ప్రాజెక్టు తీసుకున్నావని, తెలుగువాళ్ల జన్యుక్రమాలు ఎక్కడ దొరుకుతాయోనని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. దొరుకుతాయి. రకరకాల దేశాలవాళ్ల జన్యుక్రమాలను చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల నమూనాలు ఐటీయూ అనే గుర్తుతో ఉన్నాయి. 2015 నాటి మూడో దశలోనే 102 మందివి వచ్చాయి. నువ్వు మాత్రం తర్వాత 30 రెట్ల లోతుతో, అంటే ఒక్కో అక్షరాన్ని సగటున 30 సార్లు, మళ్లీ చదివిన 3,202 మంది సెట్ తీసుకో. ఫేజింగ్ అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు జన్యు ప్రతుల్లో ఏ మార్పు దేని మీదుందో తేల్చడం. అది చేసిన వీసీఎఫ్ ఫైళ్లు (మార్పుల జాబితాలు) క్రోమోజోముకు ఒకటి చొప్పున ఉచితంగానే ఉంచారు. మొత్తం దించుకోకు. పదకొండో క్రోమోజోములో నీకు కావలసిన ముక్కను బీసీఎఫ్‌టూల్స్ అనే ప్రోగ్రాముతో సర్వర్ నుంచే కోసుకోవచ్చు.

కోసుకోగానే ఒక్క వరుస నీ కళ్లతో చూడు. 0 అంటే రిఫరెన్సులో ఉన్న అక్షరమే, 1 అంటే మార్పు. 0|1 అని నిలువు గీత ఉంటే మొదటి అంకె ఒక ప్రతిది, రెండోది ఇంకో ప్రతిది. మొదటిది తండ్రిదే అనుకోకు. 0/1 అని ఏటవాలు గీత ఉంటే ఆ మార్పు ఏ ప్రతి మీదుందో తేల్చలేదన్నమాట. నీ పనికి ఇదే ప్రాణం. తీవ్రమైన మ్యుటేషన్లు రెండూ ఒకే ప్రతి మీదుంటే రెండో ప్రతి బాగుంటుంది, ఆ మనిషి తలసీమియా అనే రక్తహీనత జబ్బుకు క్యారియర్ (లోపాన్ని మోసే మనిషి) మాత్రమే. చెరో ప్రతి మీద ఒకటుంటే జబ్బు వస్తుంది.

నేనొకసారి మనిషి జన్యుక్రమానికి ప్రామాణిక నమూనా అయిన రిఫరెన్సులో పాతదైన 37వ కూర్పు చిరునామాతో, కొత్తదైన 38వ కూర్పు ఫైలులో వెతికాను. ఈ జన్యువు పొడవే సుమారు 1,600 అక్షరాలు, ఆ రెండు కూర్పుల మధ్య దాని చోటు పక్కకు జరిగింది దాదాపు 21 వేల అక్షరాలు! ఎర్రర్ ఏమీ రాలేదు. వేరే చోటి డీఎన్ఏ వచ్చింది, రెండు వారాలు దాంతోనే లెక్కలు కట్టాను.

క్రమం కావాలంటే అదే 38 రిఫరెన్సు మీద, మార్పులను అందులో పెట్టి ఆ మనిషి క్రమాన్ని రాసిచ్చే బీసీఎఫ్‌టూల్స్ కన్సెన్సస్ కమాండ్ నడుపు. నమూనా పేరు ఇచ్చి, హెచ్ ఆప్షన్‌లో ఒకసారి 1, ఇంకోసారి 2 పెట్టు. ఈ జన్యువు రిఫరెన్సులో రాసిన డీఎన్ఏ పోగుకు ఎదురు పోగు మీద ఉంటుంది. అందుకే చివరికి దగ్గర్లో సీఏటీ కనిపిస్తుంది, కంగారుపడకు. తిప్పి, జత అక్షరాలు వేసి చదివితే అదే ఏటీజీ, ప్రొటీన్ మొదలయ్యే గుర్తు.

ఫేజింగ్ చాలావరకు గణాంకాల అంచనాయే. అరుదైన మార్పుల దగ్గర అది తడబడుతుంది. ఆ సెట్‌లో తల్లి, తండ్రి, బిడ్డ కలిసిన కుటుంబాలు 602 ఉన్నాయి. నీకు దొరికిన మనిషి వాటిలో ఉన్నారేమో, ఎవరు ఎవరి బిడ్డో రాసి ఉండే పెడిగ్రీ ఫైలులో చూడు. లేకపోతే నిర్ధారణ కాలేదనే రాయి, గైడ్ ఒత్తిడి పెట్టినా సరే.

మొదటి ముక్క కోశాక ఆ వరుస ఫోటో తీసి పంపు, కలిసి చూద్దాం.

మీ బాబాయి