మూడే డిస్కులతో రౌండ్: ఏవి ఉంచాలి, ఏవి ఇంట్లో వదలాలి?

డిస్క్ గోల్ఫ్ అంటే టీ అనే చోటినుంచి డిస్క్ విసురుతూ, వీలైనన్ని తక్కువ త్రోల్లో గొలుసులు వేలాడే బాస్కెట్‌లో వేసే ఆట; టీ నుంచి బాస్కెట్ దాకా ఒక హోల్. దీని గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే గోల. సంచీ నిండా డిస్కులున్నాయి, కానీ రౌండ్‌లో ఒకటో మూడో మాత్రమే వాడాలని నియమం. ఏవి తీసుకెళ్లాలి? జవాబుల్లో కుడి, ఎడమ అన్నప్పుడల్లా కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవారి లెక్క. ఎడమచేతి వాటం వారు తారుమారు చేసుకోండి.

కొత్తవారి కోసం ఒక్క మాట. బాస్కెట్ దగ్గర వేసే నెమ్మది డిస్క్ పటర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, ఎక్కువ దూరానికి డ్రైవర్. డిస్కులకు నాలుగు అంకెలు ఇస్తారు: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఆ డిస్క్ సరిగా ఎగరాలంటే ఎంత వేగంగా విసరాలో స్పీడ్ చెబుతుంది. గ్లైడ్ అంటే గాలిలో తేలే గుణం. వేగంగా పోతున్నప్పుడు కుడికి వాలడం టర్న్, మైనస్ ఎంత పెరిగితే అంత వాలుతుంది. వేగం తగ్గాక ఎడమకు లాగడం ఫేడ్. ఎడమకు గట్టిగా లాగేదాన్ని ఓవర్‌స్టేబుల్ అనీ, కుడికి తేలిగ్గా వాలేదాన్ని అండర్‌స్టేబుల్ అనీ అంటారు.

మా ఆఫీసు మిత్రులం వచ్చే నెల మూడు డిస్కుల రౌండ్ పెట్టుకున్నాం. నా దగ్గర డెస్ట్రాయర్, ఫైర్‌బర్డ్, టీబర్డ్, లెపర్డ్, బజ్, రాక్, జోన్, జడ్జ్ ఉన్నాయి. గట్టిగా విసిరితే 250 అడుగులు పోతుంది. కోర్సు చాలావరకు చెట్ల మధ్యే. ఏ మూడు?
– షార్లెట్, నార్త్ కరొలైనా

ముందు డెస్ట్రాయర్‌ని పక్కన పెట్టేయండి. దాని అంకెలు 12, 5, మైనస్ 1, 3. 250 అడుగుల చేతికి స్పీడ్ 12 అందదు. అందనప్పుడు ఆ కాస్త టర్న్ బయటికే రాదు, ఫేడ్ మాత్రం ముందే మొదలైపోతుంది. డిస్క్ లేచీ లేవగానే ఎడమకు తిరిగి, చివరికి టీబర్డ్ పడే చోటికి దగ్గర్లోనే పడుతుంది. ఉన్నవే మూడు చోట్లయితే అందులో ఒకటి దానికి ఇవ్వడం దండగ. దూరం పోయే డిస్కే ముందు సంచీలోకి వెళ్లాలని చాలామంది అనుకుంటారు. డిస్కులు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు బయటికి రావలసింది అదే.

మీకు మా ఎంపిక జడ్జ్, బజ్, టీబర్డ్.

జడ్జ్ 2, 4, 0, 1. బాస్కెట్ దగ్గర వేయడానికి పటర్ ఎలాగూ కావాలి. ఇది నేరుగా ఎగురుతుంది కాబట్టి 180 అడుగుల లోపు హోల్స్‌కి టీ నుంచే విసరొచ్చు. బజ్ 5, 4, మైనస్ 1, 1. చెట్ల మధ్య ఇరుకు దారిలో దీన్ని మించిన తోడు లేదు. ఏ కోణంలో వదిలితే చాలాసేపు ఆ కోణంలోనే పోతుంది. ఎడమ అంచు కిందికి వాల్చి వదిలితే, అంటే హైజర్ వేస్తే, ఎడమకు వంగుతుంది. ఎడమ అంచు పైకెత్తి యాన్‌హైజర్ వేస్తే కుడికి వంగి, చివర్లో నిదానంగా సమం అవుతుంది. టీబర్డ్ 7, 5, 0, 2. బలమైన చేతులకు ఇది నేరుగా పోయే డిస్కే గానీ, మీ చేతి వేగానికి ఎడమకు నమ్మకంగా తిరుగుతుంది. కాబట్టి బాగా ఓవర్‌స్టేబుల్ అయిన ఫైర్‌బర్డ్ చేసే పనిలో చాలా భాగం మీకు ఇదే చేసిపెడుతుంది. దీన్నే ఫోర్‌హ్యాండ్‌తో వేస్తే ఫేడ్ కుడివైపుకి వస్తుంది. కుడికి మలుపు తిరిగే హోల్స్‌కి అది చాలు.

లెపర్డ్ వదిలేయడానికి మనసొప్పదని తెలుసు. 6, 5, మైనస్ 2, 1 అంకెలతో మీ చేతికి బాగా నప్పే డిస్క్ అది. గాలి అసలు లేని రోజైతే టీబర్డ్ స్థానంలో దాన్ని పెట్టుకోవచ్చు. హైజర్‌లో వదిలితే వాలు పోయి, సమంగా మారి నేరుగా పోతుంది, సమంగా వదిలితే కుడికి తిరుగుతుంది. కానీ ఎదురుగాలి కొద్దిగా తగిలినా కుడికి పడిపోతుంది. అప్పుడు ఎడమకు తిరిగి వచ్చే డిస్క్ ఒక్కటీ చేతిలో ఉండదు. అసలు చిక్కు అదే. మూడింటిలో కనీసం ఒకటి, ఎలా విసిరినా చివరికి ఎడమకు తిరిగి తీరాలి.

మా మాట మీదే ఆధారపడకుండా, రౌండ్‌కి వారం ముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఖాళీ మైదానంలో ఒకేచోట నిలబడి, ఎనిమిది డిస్కులనూ ఒక్కోటి ఐదేసి సార్లు విసరండి. పూర్తి బలం వాడకండి, నూటికి ఎనభై వంతులు చాలు. పూర్తి బలంతో విసిరినప్పుడు తేడా డిస్క్‌దో చేతిదో తెలియదు. పడిన చోట్లను అడుగులతో కొలిచి రాసుకోండి. రెండు డిస్కులు దూరంలో 20 అడుగుల లోపు తేడాతో, పక్కకు కూడా ఒకేవైపు పడుతుంటే అవి ఒకటే డిస్క్ కింద లెక్క. అందులో ఒకటి తీసేయండి. బజ్, రాక్ ఇలాగే కలిసిపోవచ్చు. కలవకపోతే తేడా ఫేడ్‌లో కనిపిస్తుంది, రాక్ ఫేడ్ 3.

రెండోది, కోర్సు మ్యాప్ ముందు పెట్టుకుని 18 హోల్స్‌కీ మొదటి త్రో ఎంత దూరం, ఏ వైపు అని ఒక కాగితం మీద రాయండి. "7వ హోల్, 210 అడుగులు, చివర ఎడమకు" అన్నట్టు. పూర్తయ్యాక లెక్కపెడితే మూడో డిస్క్ ఏదో ఆ కాగితమే చెబుతుంది. సగానికి పైగా 200 అడుగుల లోపే అయితే టీబర్డ్ తీసి, జోన్ పెట్టండి. జోన్ 4, 3, 0, 3. తక్కువ తేలుతుంది, పడ్డాక ఎక్కువ జారదు. చెట్ల వెనక ఇరుక్కున్నప్పుడు ఫోర్‌హ్యాండ్‌తో బయటపడేయడానికి అంత నమ్మకమైనది మరొకటి లేదు.

ఇంకొకటి. మినీ మార్కర్, అంటే డిస్క్ పడిన చోటును గుర్తుపెట్టే చిన్న బిళ్ల, మరిచిపోవద్దు. మామూలు రౌండ్‌లో పడిన డిస్క్‌ని అక్కడే ఉంచి, దాని వెనక నిలబడి వేరేది విసురుతాం. మూడు డిస్కుల రౌండ్‌లో నేలమీదున్న డిస్క్‌నే మళ్లీ విసరాల్సి వస్తుంది. అప్పుడు దాని ముందు, బాస్కెట్ వైపు, దానికి ఆనించి మినీ పెట్టి డిస్క్ తీసుకోవాలి. విసరడానికి పనికిరాదు కాబట్టి మినీ మూడింటి లెక్కలోకి రాదు.

ఒకే డిస్క్‌తో ఆడదామని పందెం. పటరా, మిడ్‌రేంజా?
– సన్నీవేల్, కాలిఫోర్నియా

హోల్స్ ఎక్కువగా 250 అడుగుల లోపు ఉంటే పటర్. పార్ 54 కోర్సులో, అంటే 18 హోల్స్‌కి 54 త్రోలు లెక్క ఉన్నచోట, ఒక్క త్రోకే బాస్కెట్‌లో పడితే తప్ప, ప్రతి హోల్‌లోనూ కనీసం ఒక పట్, అంటే బాస్కెట్‌లోకి వేసే దగ్గరి త్రో, ఉంటుంది. అంటే 54 త్రోల్లో 18 బాస్కెట్ దగ్గరివే. టీ దగ్గర 40 అడుగులు తగ్గినా నష్టం లేదు, 20 అడుగుల నుంచి రెండుసార్లు వేయాల్సి వస్తే మాత్రం ఆ హోల్ పోయినట్టే.

పొడుగు కోర్సైతే బజ్ లాంటి మిడ్‌రేంజ్ పట్టుకెళ్లండి. దానితో పట్ చేస్తే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. పటర్ కంటే వేగంగా పోతుంది, గొలుసులు తప్పితే బాస్కెట్ దాటి దూరంగా తేలిపోతుంది. కాబట్టి ముందు రోజు 15 అడుగుల నుంచి, ఆ తర్వాత 20 అడుగుల నుంచి ఒక ఇరవై నిమిషాలు దాంతోనే వేసి చూడండి. గొలుసుల పైభాగానికి కాకుండా మధ్యకు గురిపెట్టండి.

మీకు దగ్గర్లోని శాంటాక్రజ్ డెలావీగా లాంటి కొండ కోర్సులో ఆడేట్టయితే ఎక్కువ తేలే డిస్క్ వద్దు. పల్లానికి విసిరినప్పుడు గాలిలో ఉండే సమయం పెరుగుతుంది, దాంతో ఫేడ్ కూడా పెరిగి మామూలుగా పదడుగులు పక్కకు పోయేది ముప్పై పోతుంది. అంచు మీద పడితే దొర్లుకుంటూ కిందికి పోతుంది. బాస్కెట్ దాకా వేసే ఆశ వదిలి, కాస్త ముందే చదునుగా పడేట్టు వేయడం మేలు.

వసంతంలో ఇక్కడ గాలి ఆగదు. మూడు డిస్కులతో ఎలా నెట్టుకురావాలి?
– ఫ్రిస్కో, టెక్సస్

ఎదురుగాలిలో డిస్క్ మీదుగా గాలి మరింత వేగంగా పోతుంది. అంటే మీరు ఇంకా గట్టిగా విసిరినట్టే. కాబట్టి మామూలుగా నేరుగా పోయేది కుడికి తిరుగుతుంది. వెనకగాలిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. తేలడం తగ్గి, త్వరగా ఎడమకు పడుతుంది.

మీకు మేం చెప్పేవి మీకు అలవాటైన పటర్, జోన్, ఫైర్‌బర్డ్. ఫైర్‌బర్డ్ 9, 3, 0, 4. ఎదురుగాలిలో మిగతావన్నీ చేతులెత్తేస్తే ఇదొక్కటి మాట వింటుంది. దీనితో వచ్చే ఇబ్బంది వెనకగాలిలోనే. గ్లైడ్ 3 కాబట్టి ముందే కూలిపోతుంది. మీ కోర్సులో గాలి వీచే దిశకు పోయే హోల్సే ఎక్కువైతే దాని బదులు గట్టి ప్లాస్టిక్ టీబర్డ్ తీసుకోండి. తేలిక డిస్కుల్ని గాలి ఎక్కువ నెడుతుంది, వీలైతే 170 గ్రాములు దాటినవే పట్టుకెళ్లండి.

పక్కగాలి గురించి చాలామంది పట్టించుకోరు. హైజర్ వేసినప్పుడు డిస్క్ అడుగుభాగం కుడివైపు చూస్తుంది. గాలి కుడినుంచి వస్తే ఆ అడుగున తగిలి, లేపి, ఎడమకు మోసుకుపోతుంది. ఎడమనుంచి వస్తే పైభాగం మీద పడి నేలకు తొక్కేస్తుంది. ఒకే డిస్క్, ఒకే త్రో, గాలి దిశ మారితే పడే చోటు చాలా మారిపోతుంది. టీ దగ్గర గడ్డి పరకలు చిటికెడు వదిలి చూశాకే డిస్క్ తీయండి.

ట్రిలజీ ఛాలెంజ్‌కి పేరిచ్చాను. మూడు డిస్కులూ వాళ్లే ఇస్తారట, వాటితోనే ఆడాలట. ఎంచుకునే వీలే లేకపోతే ఏం సిద్ధమవ్వాలి?
– ఆస్టిన్, టెక్సస్

అందరికీ అవే మూడు కాబట్టి, వాటిని ఎవరు త్వరగా అర్థం చేసుకుంటారన్నదే ఆట. డిస్కులు చేతికి రాగానే ఒక్కోదాన్ని సమంగా మూడుసార్లు, హైజర్‌లో మూడుసార్లు వేయండి. సమంగా వేసినప్పుడు ఎటు పడిందో, హైజర్‌లో వేస్తే వాలు పోయి సమంగా మారిందో లేదో గమనిస్తే చాలు, ఆ డిస్క్ గుణం తెలిసిపోతుంది. కొత్తవి, చెట్లకు తగిలి అరగనివి, వాటి పాత జోడీల కంటే కాస్త ఎక్కువగానే ఎడమకు లాగుతాయి. మిగిలిన సమయమంతా ఆ కొత్త పటర్‌కే ఇవ్వండి. అంచు మందం మారితే వేళ్లు వదిలే క్షణం మారుతుంది, అది సర్దుకోవడానికి కొన్ని పదుల పట్‌లు పడతాయి. కొత్త ప్లాస్టిక్ జారుతుంటే పొడి తువ్వాలుతో గట్టిగా తుడవండి.

మూడింటిలో ఒకటి చెరువులో పడితే?
– ఎడిసన్, న్యూజెర్సీ

ఈ ఆట నియమాలు పెట్టే పీడీజీఏ ప్రకారం, కనబడని డిస్క్‌ని వెతకడానికి మూడు నిమిషాలు. దొరక్కపోతే ఒక త్రో జరిమానా, అంతకుముందు విసిరిన చోటినుంచే మళ్లీ ఆడాలి. నీటిలో పడింది తెలిసి, ఆ నీరు హద్దు అవతల కింద గుర్తించి ఉంటే హద్దు దాటిన జరిమానా, అదీ ఒక త్రోనే. పోయినదాని బదులు ఇంకొకటి తీసుకోవచ్చా అన్నది మాత్రం మీ గుంపు ఇష్టం. అది మొదటి టీ దగ్గరే తేల్చుకోండి, నీళ్ల ఒడ్డున నిలబడి కాదు.

పోయింది పటరే అయితే మిగతా హోల్స్ అన్నీ నష్టమే. అందుకని నీళ్ల మీదుగా వేసే హోల్స్‌లో టీ నుంచి పటర్ విసరకండి, దూరం సరిపోయినా సరే. ప్రతి డిస్క్ అడుగున మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. దొరికినవారు చాలాసార్లు ఫోన్ చేస్తారు.

మా అబ్బాయికి పదేళ్లు. వాడికి మూడు చాలంటారా?
– ఎడిసన్ నుంచే మరొకరు

ధారాళంగా చాలు. ఇన్నోవా కంపెనీ కొత్తవారి కోసం అమ్మే పెట్టెలో ఉండేవి కూడా లెపర్డ్, షార్క్, ఏవియర్ మూడే. బరువు చూసి కొనండి: 150 గ్రాముల దరిదాపుల్లో ఉంటే చిన్న చేతులకు తేలిగ్గా లేస్తుంది. స్పీడ్ 7 దాటింది కొనకండి. నాలుగైదు నెలల తర్వాత లెపర్డ్ ప్రతిసారీ కుడికి తిరిగి పడుతుంటే చేతి వేగం పెరిగినట్టు. అప్పుడు టీబర్డ్ కొనండి.

చలికాలం మొదలైంది. తాలి పార్కులో మూడే డిస్కులతో ఆడుతున్నాను. ఏమైనా మార్చాలా?
– హెల్సింకి, ఫిన్లాండ్

చలికి గట్టి ప్లాస్టిక్ ఇంకా బిగుసుకుని చేతిలోంచి జారుతుంది. వేసవిలో వాడే మోడలే ఉంచి, మెత్తటి ప్లాస్టిక్‌లో తీసుకోండి. దళసరి కోటు వల్ల చేయి పూర్తిగా వెనక్కి వెళ్లదు, చల్లని చిక్కటి గాలి వేగాన్ని త్వరగా తినేస్తుంది. ఈ రెండింటితో దూరం తగ్గుతుంది కాబట్టి డ్రైవర్ తీసుకునే చోట ఒక మెట్టు తక్కువ స్పీడ్‌ది, అంటే 9 బదులు 7, ఎంచుకోండి. మంచు కురిశాక తెల్లవి, లేత నీలివి వద్దు. గులాబీ లేదా నారింజ రంగు తీసుకుని, అడుగున మధ్యలో జానెడున్నర రిబ్బన్ టేపుతో అంటించండి. డిస్క్ మెత్తటి మంచులోకి కూరుకుపోయినా రిబ్బన్ కొస పైన కనిపిస్తుంది. తడి ఉంటే టేపు నిలవదు, ఇంట్లోనే పొడిగా తుడిచి అంటించుకుని బయల్దేరండి.