డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ‘లైసెన్స్ చెల్లదు’ అంటూ తెరుచుకోకపోతే

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల డిజైన్లు చేస్తాను. సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. 2023 ఆగస్టులో విజయవాడలో ఒక డీలరు దగ్గర డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌ను, జీవితకాల లైసెన్స్ అని చెబితే, 38,000 రూపాయలిచ్చి కొన్నాను. జీఎస్టీ బిల్లు ఉంది. గత నెల మదర్‌బోర్డు కాలిపోతే మార్పించాను. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ తెరవబోతే లైసెన్స్ చెల్లదని చూపించి మూసుకుపోతోంది. కంపెనీకి ఈమెయిల్ రాస్తే, ఆ కీ (లైసెన్స్ కోడ్) ఒక విద్యాసంస్థకు ఇచ్చినదని, నా పేరున ఏ నమోదూ లేదని జవాబు వచ్చింది. డీలరేమో కొత్తది కొనుక్కోమంటున్నాడు. పక్క షాపు మెకానిక్ 800 రూపాయలకు క్రాక్ వేసి, అంటే లైసెన్స్ తాళాన్ని తప్పించి, నడిపిస్తానంటున్నాడు. డబ్బిచ్చి కొన్నదే కదా, క్రాక్ వేయించుకుంటే తప్పా? డీలరు మీద ఏమైనా చేయవచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నకు చట్టంలో గట్టి సమాధానమే ఉంది, అయితే మొదటి ప్రశ్నలో మీరు తొందరపడితే అది చేజారిపోతుంది. కాబట్టి ముందుగా ఆ మెకానిక్‌ను వద్దనండి.

మీ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం, బిల్లు తరువాత, కంపెనీ నుంచి వచ్చిన ఆ ఈమెయిలే. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కూడా ఒక కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి కనీసం 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం గాని, వ్యాపారంలో భాగంగా గాని వాడనివారి విషయంలో జైలుశిక్ష లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉన్నా, మీది వ్యాపారం కనుక అది మీకు అందదు. ఈ సెక్షన్‌లో ప్రాణమంతా ‘తెలిసి’ అన్న మాటలో ఉంది. 2023 నుంచి గత నెల వరకు మీరు బిల్లు కట్టి, నమ్మి వాడారు. అందులో మీ నేరం లేదు. ఆ ఈమెయిల్ చదివిన క్షణం నుంచి మాత్రం తెలియదనే అవకాశం మీకు లేదు. ఆపైన క్రాక్ వేయించుకుంటే, నేడు ఫిర్యాదుదారుగా నిలబడవలసిన మీరు రేపు నిందితుడిగా నిలబడవలసి వస్తుంది, మెకానిక్ మీ పక్కన నిలబడతాడు. అదే చట్టం 63వ సెక్షన్ కింద కాపీరైట్ ఉల్లంఘన, దానికి ప్రోద్బలం పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరాలని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

‘నేను కొన్నదే కదా’ అన్న మీ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అదే కాపీరైట్ చట్టం 52(1)(ఎఎ) కింద, ఒక ప్రోగ్రాము ప్రతి చట్టబద్ధంగా ఎవరి చేతిలో ఉందో వారు, అది ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి, పాడైపోతే పనికివస్తుందని భద్రపరచుకోవడానికి నకళ్లు తీసుకోవచ్చు. లైసెన్స్ తాళాల వంటి సాంకేతిక రక్షణలను బద్దలుకొట్టడాన్ని 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ 2 సంవత్సరాల వరకు జైలుతో శిక్షించదగిన నేరం చేసినా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అని షరతు పెట్టింది. అంటే, నికార్సయిన లైసెన్స్ ఉండి, మదర్‌బోర్డు మారినందువల్ల మాత్రమే తలుపు మూసుకుపోయినవాడు ఈ రెండు సెక్షన్లను కలిపి ఒక మంచి వాదన చేయగలడు. ఆ వాదన మీకు నేను సిఫారసు చేయను. మీ దగ్గరున్న కీ మీకు అమ్మదగినది కాదని కంపెనీ లిఖితపూర్వకంగా చెబుతోంది కనుక, ‘చట్టబద్ధంగా చేతిలో ఉన్న ప్రతి’ అన్న మొదటి మెట్టు దగ్గరే అది జారిపోతుంది. పైగా తాళాలు మార్చడాన్ని మన న్యాయస్థానాలు తేలికగా తీసుకోలేదు: ఒక నెట్‌వర్కుకు కట్టిపడేసిన మొబైల్ ఫోన్ల ఎలక్ట్రానిక్ నంబరును మార్చి మరో నెట్‌వర్కులో నడిపించిన వ్యవహారంలో, 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కంప్యూటర్ సోర్స్ కోడ్‌ను మార్చడాన్ని శిక్షించే ఐటీ చట్టం 65వ సెక్షన్ కింద కేసును కొట్టివేయడానికి నిరాకరించింది.

ఇక మీరు కొన్నది ఏమిటన్న సంగతి. మీరు సాఫ్ట్‌వేర్ మీద యాజమాన్యం కొనలేదు. దాని ఒక ప్రతిని, కొన్ని షరతులతో వాడుకునే అనుమతిని కొన్నారు. వాడకందారుకు కాపీరైట్‌లో ఏ వాటా రాదని 2021లో ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన మీరు కొన్నది గాలిమూట కాదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య మన రాష్ట్రపు అమ్మకం పన్ను చట్టం మీద నడిచిన వ్యాజ్యంలో, అందరికీ ఒకేలా తయారుచేసి అమ్మే సాఫ్ట్‌వేర్ ‘సరుకే’నని 2004 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రెండూ పన్ను వివాదాలే అయినా, రెండోది మీకు ఎంతో పనికివస్తుంది. సరుకు అన్నాక సరుకుల విక్రయ చట్టం, 1930 వర్తిస్తుంది. అందులోని 14వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి ఆ వస్తువును అమ్మే హక్కు ఉన్నదన్న షరతు ప్రతి అమ్మకంలోనూ, కాగితం మీద రాయకపోయినా, ఇమిడి ఉంటుంది. విద్యాసంస్థకు ఇచ్చిన కీని మీకు అమ్మే హక్కు డీలరుకు లేదు. సీడీ కాకుండా ఈమెయిల్‌లో కీ మాత్రమే ఇచ్చి ఉంటే అది సరుకా కాదా అని అవతలి న్యాయవాది వాదించవచ్చు. ఆ వాదన నెగ్గినా డీలరు బయటపడడు. ఎందుకంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సరుకులనూ సేవలనూ కూడా పరిధిలోకి తీసుకుంది, లేని నాణ్యతను, లేని అర్హతను ఉన్నట్లు చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది.

నోటీసు పంపకముందే, సాఫ్ట్‌వేర్ ఆగిపోవడానికి మామూలు కారణాలేవీ లేవని తేల్చుకోండి. ఎందుకు చెబుతున్నానంటే, డీలరు మొదటి జవాబు ‘మీ మెకానిక్ పాడుచేశాడు’ అనే ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడు కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉండిపోతే, లైసెన్స్ గడువు చూసుకునే ప్రోగ్రాములు తెరుచుకోవు. విండోస్ సర్వీసుల జాబితాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు చెందిన లైసెన్సింగ్ సర్వీసు ఆగి ఉన్నా, యాంటీవైరస్ దాని ఫైలునొకదాన్ని పక్కకు తీసి పెట్టినా ఇదే సందేశం వస్తుంది. అన్నిటికన్నా తరచుగా జరిగేది, పాత బోర్డుకు ముడిపడిన ఆక్టివేషన్ (లైసెన్స్ నమోదు) అలాగే లెక్కలో ఉండి, కొత్త బోర్డును రెండో కంప్యూటర్‌గా చూడటం. నికరమైన లైసెన్స్ ఉన్నవారికి చాలా కంపెనీలు పాత ఆక్టివేషన్ రద్దుచేసి కొత్తదానికి మారుస్తాయి. ఆ మేరకు తగవే ఉండదు. మీ విషయం అంతకన్నా లోతైనదని ఆ ఈమెయిలే చెబుతోంది. అయినా బిల్లు నకలు జతచేసి మరొకసారి కంపెనీకి రాసి, ఆ కీ ఏ రకం లైసెన్స్ కిందిది, ఈ డీలరు వారి అధీకృత విక్రేతా కాదా అని స్పష్టంగా అడగండి. అధీకృత డీలరే అయితే కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. కాకపోతే కంపెనీ మీకు సాక్షి మాత్రమే, కానీ మంచి సాక్షి.

వినియోగదారుల కమిషన్ మెట్లెక్కగానే మీకు ఎదురయ్యే అభ్యంతరం ‘వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు’ అన్నది. దీన్ని తక్కువ అంచనా వేయవద్దు. తన కార్యకలాపాలను యంత్రీకరించి లాభం పెంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొన్న ఒక కంపెనీ వినియోగదారు కాదని 2025 నవంబరులో పాలీ మెడిక్యూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, డీలరు తరఫు న్యాయవాది ఆ తీర్పునే చేతపట్టుకుని వస్తాడు. మీ జవాబు వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ వివరణలో ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికి మాత్రమే కొని, స్వయంగా వాడుకునే సరుకు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు, ఇతరుల పని టైపు చేసి డబ్బు తీసుకునేవాడి టైపురైటరును, టాక్సీగా తిప్పుకునేవాడి కారును ఉదాహరణలుగా తీసుకుని, ఆ యంత్రాన్ని నడపడంలో ఒకరిద్దరు సహాయకులు ఉన్నంతమాత్రాన ఈ రక్షణ పోదని చెప్పింది. టైపురైటరు స్థానంలో మీ కంప్యూటరును పెట్టి చూసుకోండి. ఫిర్యాదులోనే, మొదటి పేరాల్లోనే, ఈ సెంటరే మీ జీవనాధారమని, డిజైన్లు మీరే చేస్తారని, కుర్రాడు సాయానికే ఉన్నాడని రాయాలి. తరువాత చెప్పుకుందామని వదిలేసిన ఫిర్యాదులు ఈ ఒక్క అంశం మీదే కొట్టుకుపోవడం చూశాను.

రెండో అభ్యంతరం గడువు గురించి వస్తుంది. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. 2023 ఆగస్టు నుంచి లెక్కిస్తే అది దాటిపోయింది. మీరు మాత్రం, మోసం బయటపడింది కంపెనీ ఈమెయిల్ వచ్చిన రోజున కనుక కారణం ఆ రోజునే ఏర్పడిందని చెప్పాలి. మోసం దాగి ఉన్నంతకాలం గడువు నడవదన్న సూత్రం పరిమితి చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. అయినా ముందుజాగ్రత్తగా, ఆలస్యాన్ని మన్నించమని 69(2) కింద ఒక దరఖాస్తు కూడా జతచేయండి.

ఫిర్యాదును విజయవాడ వెళ్లి వేయనక్కరలేదు. మీరు నివసించే లేదా పనిచేసే చోట వేసుకునే హక్కును 2019 చట్టం ఇచ్చింది కనుక, తెనాలి వారికి గుంటూరు జిల్లా కమిషన్ సరిపోతుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. దానికి ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొందరు డీలర్లు అక్కడికే దిగివస్తారు. లీగల్ నోటీసు తప్పనిసరి కాకపోయినా, 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపడం మంచిది. అందులో 38,000 రూపాయలు, దానిపై వడ్డీ, పని ఆగినందుకు నష్టపరిహారం, ఖర్చులు అడగండి. పని ఆగిన నష్టానికి వెనక్కి వెళ్లిన ఆర్డర్ల వివరాలు, తేదీలు చూపితేనే విలువ. గుండుగుత్తగా 2 లక్షలని రాస్తే కమిషన్ దాన్ని అలాగే పక్కన పెడుతుంది. బిల్లుపైనో, కొటేషన్‌లోనో, వాట్సాప్‌లోనో ‘జీవితకాలం’ అన్న మాట ఎక్కడుందో వెతికి ఆ పేజీ భద్రపరచండి. నోటిమాటగా చెప్పిన జీవితకాలం ఎవరి జీవితమో తేల్చడం కష్టం.

పోలీసు ఫిర్యాదు సంగతి. డీలరుకు ముందే తెలిసి అమ్మినట్లు ఆధారాలుంటే అది మోసం. అమ్మకం 2024 జులై 1కి ముందు జరిగింది కనుక భారతీయ న్యాయ సంహిత కాక, పాత భారత శిక్షాస్మృతి 420వ సెక్షనే వర్తిస్తుంది. అయితే మీకు కావలసింది డబ్బు వెనక్కి రావడం. దానికి కమిషనే దగ్గరి దారి. అదే డీలరు మీలాగే పలువురికి అమ్మాడని తెలిస్తే అప్పుడు స్టేషన్ గురించి ఆలోచించవచ్చు.

ఈలోగా ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడవద్దు, తీసివేయనూ వద్దు. తేదీ, సమయం కనిపించేలా లోపం సందేశాన్ని ఫోటో తీసి ఉంచండి. కాలిపోయిన మదర్‌బోర్డును, మెకానిక్ ఇచ్చిన బిల్లును దాచండి. డీలరుతో వాట్సాప్ సంభాషణను ఫోన్‌లో చెరపకుండా, దాని ముద్రిత ప్రతికి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేసేందుకు సిద్ధంగా ఉండండి. మీ పాత డిజైన్లు మీ సొంత పని; వాటిని తెరవడానికి కంపెనీ దగ్గరే నేరుగా నెలవారీ చందా తీసుకోవచ్చు, లేదా ఇంక్‌స్కేప్, స్క్రైబస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొంతవరకు పని సాగించవచ్చు. తెలుగు అక్షరాలు యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చి ఉంటే అదే ఫాంట్ ఉన్నచోటే సరిగ్గా కనిపిస్తాయని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ చందా రసీదులను కూడా జాగ్రత్త చేసి, ఫిర్యాదులో నష్టం కింద చూపండి.