డబ్ల్యూ-ప్లస్ పెంచితే నెట్‌వర్క్ మొత్తం చెలరేగుతోందా?

సంకేతం ఆగాక కూడా దాన్ని కాసేపు గుర్తుంచుకునే న్యూరాన్ల నెట్‌వర్క్‌ను (వర్కింగ్ మెమరీ) కంప్యూటర్లో సిమ్యులేట్ చేస్తూ మీరు ఈ ప్రశ్న అడిగారు. మీరు డబ్ల్యూ-ప్లస్‌ను (ఒకే సంకేతానికి స్పందించే న్యూరాన్ల గుంపు లోపలి బంధాల బలం) 2.1 చేసి, డబ్ల్యూ-మైనస్‌ను (గుంపు బయటి ఉత్తేజక న్యూరాన్ల నుంచి ఆ గుంపుకు వచ్చే బంధాల బలం) 1 దగ్గరే వదిలేసి ఉంటారు. డబ్ల్యూ-ప్లస్ పెంచకపోతే సంకేతం ఆపగానే స్పైకులు (న్యూరాన్ల విద్యుత్ స్పందనలు) ఆరిపోతున్నాయి, పెంచితే న్యూరాన్లన్నీ ఒకేసారి చెలరేగుతున్నాయి అన్నారు కదా, కారణం అదే.

వర్కింగ్ మెమరీకి 2001లో వచ్చిన బ్రూనెల్-వాంగ్ మోడల్లో ఈ రెండూ జంట. గుంపు లోపలి బంధాలు పెంచినంతకు బయటి నుంచి వచ్చేవి తగ్గించాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

1. ఉత్తేజక న్యూరాన్లలో గుంపు వాటా 0.1, డబ్ల్యూ-ప్లస్ 2.1 (అంటే 1 కన్నా 1.1 ఎక్కువ) అయితే డబ్ల్యూ-మైనస్ = 1 − (0.1 × 1.1 ÷ 0.9), అంటే దాదాపు 0.88.

2. గుంపు లోపలి ఉత్తేజం ప్రధానంగా ఎన్‌ఎమ్‌డీఏ అనే నెమ్మది రకం గ్రాహకం (రిసెప్టర్) మీదే నడవాలి. దాని ప్రభావం 100 మిల్లీసెకన్ల మేర నిలుస్తుంది. ఆంపా అనే వేగవంతమైన గ్రాహకం ప్రభావం 2 మిల్లీసెకన్లకే పోతుంది.

3. న్యూరాన్లను సగానికి తగ్గించారా? నెట్‌వర్క్ లోపలి బంధాల కండక్టెన్సులు (ఒక్కో బంధం పంపే ప్రభావపు బలం) రెట్టింపు చేయండి.

ముందు సంకేతం లేకుండా రన్ చేయండి. ఉత్తేజక న్యూరాన్ల ఫైరింగ్ 3 హెర్ట్జ్ దగ్గర నిలబడ్డాకే సంకేతం ఇవ్వండి.