సైకిల్‌కు రోడ్డుపై చోటు లేదా?

ప్రశ్న: తెల్లవారుజామున పూల బుట్టతో సైకిల్‌పై మార్కెట్‌కు వెళ్తాను. మొన్న ఒక కారాయన హారన్ మోగిస్తూ, "ఫుట్‌పాత్ ఎక్కు, రోడ్డు నీది కాదు" అని గద్దించాడు. చట్టం అలా అంటుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లేదమ్మా, రోడ్డు మీది కూడా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతేగాని రోడ్డెక్కవద్దని కాదు. ఫుట్‌పాత్ నడిచేవారిది, దాన్ని వారికే వదలండి. ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉన్న నిషేధపు బోర్డు కనిపిస్తే మాత్రం ఆగాలి. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్లపై సైకిళ్లను ఆపడానికి విడిగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. కారాయన కసురుకుంటే అది ఉత్తర్వు అయిపోదు!

ఎడమ పక్కగానే వెళ్లండి, కానీ మరీ అంచుకు ఒదిగిపోకండి. అక్కడ ఇసుక మేట వేసి చక్రం జారుతుంది. ఆగిన కార్లకు చేయి చాపినంత దూరం పాటించండి. నా మోచేతి మీది మచ్చ, హఠాత్తుగా తెరుచుకున్న కారు తలుపు పెట్టిందే. మీరు చీకటితోనే బయలుదేరుతారు కదా, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ ఇవాళే బిగించుకోండి.