చీటీ పోతే ఎముక పోయినట్టే

అమ్మా,

మన శిలాజాల ల్యాబ్ తాళాలు నీ చేతికి వచ్చాయని తెలిసింది. చాలా సంతోషం. "సార్, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని ఫోన్లో అడిగావు కదా. ఫోన్లో తేలే సంగతి కాదు గనక రాస్తున్నాను.

మొదటి నెల ఏ ఎముకా ముట్టుకోకు. రిజిస్టర్ పట్టుకుని బీరువాలన్నీ తిరుగు. రాసి ఉన్నది అరలో ఉందా, అరలో ఉన్నది రాసి ఉందా, రెండు వైపుల నుంచీ చూడాలి. విసుగు పుడుతుంది, నాకూ పుట్టింది. మన దేశంలో దొరికిన తొలి డైనోసార్ ఎముకలనే తీసుకో. 1828లో స్లీమన్ అనే సైనికాధికారి జబల్పూర్ దగ్గర ఏరిన తోక వెన్నుపూసలవి. 1877లో వాటికి టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. తర్వాత ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. పోయాయనే అనుకున్నారు. 2012లో వాటిలో ఒకటి కోల్‌కతాలో, జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) సేకరణలోనే బయటపడింది. ఇంట్లో ఉన్న వస్తువు కోసం నూరేళ్ళకు పైగా వెతుక్కున్నట్టు!

నేను చేసిన వెధవ పనీ చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక ట్రేలో మూడు ఎముక ముక్కలు, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. బంకమట్టి పట్టి ఉంది కదా అని ట్రేని అలాగే కుళాయి కింద పెట్టాను. చీటీలు ఇంకు పెన్నుతో రాసినవి. నీలం నీళ్ళు ట్రే మూల నుంచి సింకులోకి కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎముకలు శుభ్రంగా తళతళలాడాయి. ఏ ఊరివో, ఏ పొరలోవో ఇక చెప్పేవాడు లేడు. అందుకే చీటీ పెన్సిల్‌తో రాయి, ఆమ్లం లేని కాగితం మీద రాయి. ఎముక మీద కూడా చిన్న అంకె వెయ్యి. ముందు పారలాయిడ్ అనే పారదర్శక రెసిన్ పూత, ఆరాక నల్ల ఇంకు, దాని మీద మళ్ళీ పూత. విరిగిన అంచు మీద మాత్రం వేయకు, రేపు అక్కడే అతకాల్సి వస్తుంది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ కోటాసారస్‌ని చూశావుగా. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు దాదాపు 840, కనీసం 12 జంతువులవి, అన్నీ కలగాపులగం. అలాంటి చోట ఏ ఎముక దేని పక్కన పడి ఉందన్న పటమే మన ఆస్తి. కాబట్టి ఫీల్డ్ నుంచి ప్లాస్టర్ జాకెట్ (ఎముకను చుట్టూ మట్టితో సహా కప్పిన ప్లాస్టర్ కట్టు) రాగానే కోసేయకు. పైన రాసిన నంబరు, దిక్కు గుర్తు ముందు ఫోటో తీయి. కోసేది ఆ తర్వాత.

ఇక జిగురు. అతికించేది ఏదైనా మళ్ళీ ఊడదీయగలిగేదై ఉండాలి. పారలాయిడ్ బి-72 అసిటోన్‌లో చిక్కగా కలిపితే జిగురు, పల్చగా కలిపితే పొడిబారిన ఎముక తాగి గట్టిపడుతుంది. తప్పు అతికితే అసిటోన్ పెట్టి విడదీయొచ్చు. సూపర్ గ్లూ పని త్వరగా అవుతుంది, నిజమే, కానీ రెండు మిల్లీమీటర్లు వంకరగా అతికితే ఆ వంకర నీ తర్వాత వచ్చేవాళ్ళకు కూడా మిగిలిపోతుంది. అతికిన ముక్కను ఇసుక తొట్టిలో నిలబెట్టి మర్నాటి దాకా వదిలెయ్. ఏ జిగురు, ఎంత చిక్కన, ఏ తేదీ, అన్నీ రాసిపెట్టు.

ఎముక చుట్టూ రాయి చెక్కే గాలి ఉలి, అదే ఎయిర్ స్క్రైబ్, పట్టినప్పుడు చెవి కూడా పని చేయాలి. రాతి మీద ఒక చప్పుడు, ఎముక దగ్గరపడితే ఇంకో చప్పుడు. ఆ తేడా నేర్పితే వచ్చేది కాదు, పారేసే ముక్కల మీద నెల రోజులు చేసుకో. ముక్క ఎగిరి కిందపడితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోవాలి. ఊడ్చిన దుమ్మంతా జల్లెడ పట్టాకే బయట పోయాలి. పొద్దున్నే ఊడవడానికి వచ్చే ఆవిడకు ఈ మాట నువ్వే మర్యాదగా చెప్పు. పాపం, ఆవిడ తప్పేం లేదు, మనమే చెప్పం. దుమ్ము లాగే గొట్టం లేకుండా, మాస్క్ లేకుండా ఎవర్నీ కూర్చోనివ్వకు. క్వారీల్లో రాయి కొట్టేవాళ్ళకు రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ మనకీ వస్తుంది.

ఎముక చుట్టూ ఉన్న సున్నపురాయిని పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో కరిగించే పని ఇప్పుడప్పుడే వద్దు. ఎవరి పక్కనైనా నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే.

వానాకాలం అసలు టెన్షన్. బొగ్గు పొరల నుంచి వచ్చిన వాటిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉండొచ్చు. తేమ 60 శాతం దాటితే అది పాడవడం మొదలై, ఆమ్లం పుట్టి, ఎముకనూ పెట్టెనూ చీటీనీ కలిపి తినేస్తుంది. డ్రాయర్ లాగగానే గంధకం వాసన, పసుపో తెలుపో పొడి కనిపిస్తే దాన్ని వెంటనే వేరుచేసి, తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టు. ఆఫీసు టైమ్‌కి ఏసీ వేసి రాత్రికి కట్టేయడం కన్నా అసలు వేయకపోవడమే నయమని నా అభిప్రాయం. తేమ రోజూ పైకీ కిందికీ ఊగడం ఏ ఎముకకూ మంచిది కాదు.

ఎవరో వీఐపీ వస్తున్నారు, అసలు ఎముక బయట పెట్టమంటారు. అచ్చు పోసిన నకలు చూపించు. ఎముకలు అరువు అడిగేవాళ్ళకు సంతకం లేకుండా ఇవ్వకు, ఎంత పెద్ద ప్రొఫెసరైనా సరే. గడువు దాటితే ఫోన్ చెయ్, మొహమాటపడకు. ఫోటోలు, కొలతలు వేరే ఊళ్ళో ఇంకో కాపీ ఉంచు. మ్యూనిక్‌లోని మొదటి స్పైనోసారస్ అనే డైనోసార్ ఎముకలు 1944లో బాంబు దాడిలో బూడిదయ్యాయి. ఇప్పుడు దాని గురించి తెలిసింది బొమ్మలు, ఫోటోలు, రాతలు మిగలబట్టే.

ఆ మూడు ఎముకల ట్రే మూడో బీరువా కింది అరలో ఉంది. "చీటీ లేదు, తప్పు నాది" అని తేదీ వేసి సంతకం పెట్టాను. వాటి సందుల్లో కాస్త ఎర్రమట్టి ఇంకా పట్టి ఉంది, దాన్ని మాత్రం కడగొద్దు.

ఆశీస్సులతో,
మీ సార్